నాలి అడిగితే నీలి

ఒడిశాలోని బోరిగుమ్మ బజారులో ఏ ఆడమనిషినైనా ఆపి, చీర మీదకి జాకెట్టు గుడ్డ ఎక్కడ దొరుకుతుందని అడగండి. "నాలి-నీలి దుకాణానికి వెళ్ళండి" అంటుంది. బోర్డు మీద మాత్రం ఆ పేరు ఉండదు. సూర్యారావు క్లాత్ స్టోర్ అని ఒడియాలో పెద్ద అక్షరాలు, కింద మేచింగ్ సెంటర్ అని ఇంగ్లీషులో చిన్న అక్షరాలు ఉంటాయి. సూర్యారావు ముచ్చటపడి రాయించుకున్న ఆ బోర్డు వైపు ఎవరూ తలెత్తి చూడరు. అతని భార్య చేసిన ఒక పొరపాటే ఆ దుకాణానికి పేరయి కూర్చుంది.

ఆ పొరపాటు సంగతి ముందు చెప్పాలి. కోటేశ్వరమ్మ సాలూరు నుంచి ఘాటీ ఎక్కి కొత్త కోడలుగా వచ్చిన రోజులవి. ఒడియా నాలుగు ముక్కలు కూడా రావు. సూర్యారావు భోజనానికి లేస్తూ, "కాసేపు కూకో. ఎవరైనా వస్తే నవ్వుతూ ఉండు, నేనొచ్చేస్తాను" అని ఆమెను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి వెళ్ళాడు. అతను అలా వెళ్ళాడో లేదో, సంతకి వచ్చిన ఒక కొండ ఊరి దేశియా ఆవిడ లోపలికి వచ్చి "నాలి లుగా" అని అడిగింది. లుగా అంటే చీర అని కోటేశ్వరమ్మకి అప్పటికే తెలుసు. నాలి అంటే నీలిరంగే అయి ఉంటుంది, కొండమనిషి కదా, నోరు తిరగక అలా అంటోంది పాపం అనుకుంది. మన కోటేశ్వరమ్మకి తన మీద తనకి నమ్మకం ఎప్పుడూ కాస్త జాస్తే. నీలం చీర తీసి ముందు పరిచింది. ఆవిడ తల అడ్డంగా ఊపి "నాలి, నాలి" అంది. ముదురు నీలం తీసింది. లేత నీలం తీసింది. సూర్యారావు తేన్చుకుంటూ తిరిగొచ్చేసరికి కొట్లో ఉన్న నీలమంతా నేల మీద ఉంది. ఆవిడ తన జడకి కట్టుకున్న ఎర్ర రిబ్బను పట్టుకుని లాగి మరీ చూపిస్తోంది. ఒడియాలో నాలి అంటే ఎరుపు.

సూర్యారావు ఆ రోజు గుమ్మం పట్టుకుని నవ్విన నవ్వు ఎదుటి కిరాణా కొట్టు దాకా వినిపించిందట. కోటేశ్వరమ్మ ఏడ్చింది, రెండు పూటలు అతనితో మాట్లాడలేదు. తర్వాత మెల్లగా ఒడియా పట్టుకుంది, కొండవాళ్ళు మాట్లాడే దేశియా పట్టుకుంది, చివరికి భర్తకన్నా బాగా బేరమాడడం నేర్చింది. రంగుల విషయంలో అయితే ఆమెకి సాటి లేదు. వంగపండు రంగు వేరు, నేరేడు రంగు వేరు, రెండూ ఒకటే అన్నవాళ్ళని జాలిగా చూసేది. కుందుర నుంచి, జయపురం నుంచి చీరలు సంచిలో పెట్టుకుని వచ్చేవాళ్ళు ఆమె కోసం. చీర అంచు ఒక్కసారి చూసి, వెనక్కి తిరిగి, అరలోంచి ఒకే ఒక్క ముక్క లాగేది. రెండో ముక్క తీయడం ఆమెకి నామోషీ.

అయినా సూర్యారావు ఆ కథ మానలేదు. కొత్త మనిషి ఎవరు కొట్లోకి వచ్చినా, ఎరుపు అడిగితే చాలు, "మా ఆవిడ్ని మాత్రం అడక్కండి, నీలి ఇచ్చేస్తాది" అని మొదలెట్టేవాడు. ఆమె మూతి తిప్పుకునేది. కానీ ఏనాడైనా అతను చెప్పడం మరిచిపోతే ఆ రోజంతా ఏదో వెలితిగా ఉండేది ఆమెకి. వాళ్ళిద్దరి మధ్య ఉన్న ముద్దూ మురిపెం అంతా ఆ ఒక్క వేళాకోళంలోనే ఉంది. వేరే విధంగా చెప్పుకోవడం ఇద్దరికీ రాదు.

షుగరు ఆమెకి వచ్చి చాలా ఏళ్ళయింది. మొదట్లో భయపడింది, తర్వాత అలవాటుపడింది. మాత్రలు వేసుకునేది, టీలో పంచదార సగం తగ్గించేది, ఆ సగం సాయంత్రం ఇంకో టీలో కలిపేసుకునేది. కాలికి దెబ్బ తగిలితే మానదని విన్నది కనక చెప్పులు లేకుండా వాకిట్లోకి కూడా దిగేది కాదు. షుగరుకీ కంటికీ సంబంధం ఉంటుందని మాత్రం ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, ఆమె వినలేదేమో.

చూపు మసకబారినప్పుడు ఆమె పెద్దగా కంగారుపడలేదు, ఎందుకంటే తన తల్లి కళ్ళకి జరిగింది ఆమె చూసింది. వాళ్ళమ్మకి పొర వచ్చింది. కేంపులో డాక్టరు పొర ఇంకా ముదరలేదు, ముదిరాక కోస్తామన్నాడు. ముదిరింది, కోశారు, ముసలావిడ మళ్ళీ బియ్యంలో రాళ్ళు ఏరింది. తనకీ అంతే అనుకుంది కోటేశ్వరమ్మ. ముదరనీ. ఈలోపు ఎవరికైనా చెబితే ఏమవుతుంది? కోడలు బిందుశ్రీ వచ్చి కొట్లో తను కూర్చునే పీట మీద కూర్చుంటుంది, కత్తెర పుచ్చుకుంటుంది. కొడుకు కృష్ణచైతన్య సరుకు కోసం విజయనగరం, విశాఖ తిరుగుతూ ఉంటాడు కనక కొట్లో నిలబడేది కోడలే. మంచి పిల్లే. కానీ ఆ కొట్లో గుడ్డ మీద కత్తెర పెట్టేది ఒక్క కోటేశ్వరమ్మే. కోసిన గుడ్డ వెనక్కి తీసుకోరు, అందుకని ఆ పని ఇంకొకరికి ఇవ్వదు. ఆ కత్తెర చేజారితే తనిక ఎందుకు అన్నదే ఆమె భయం. చూపు కన్నా దాని గురించే ఎక్కువ భయపడింది.

అందుకని నాటకం మొదలెట్టింది. ఇదివరకు ట్యూబులైటు కిందే రంగు తేల్చేసే మనిషి, ఇప్పుడు రెండు ముక్కలు చేతికిచ్చి, "ఎలుతురులోకి ఎల్లి సూసుకో అమ్మి, తరవాత నన్ననకు" అని వాకిట్లోకి పంపేది. కొనడానికి వచ్చినామే తేల్చుకుని వచ్చేది. ఆకుపచ్చకి నీలం ఇచ్చినప్పుడు, "నేనసలే నాలి-నీలి మనిషిని కదేటి" అని తనే నవ్వేసేది. అడిగినవాళ్ళూ నవ్వేవాళ్ళు. సూర్యారావు మహదానందంగా కథ మళ్ళీ మొదటి నుంచి అందుకునేవాడు. అన్నేళ్ళు ఆమెని ఉడికించిన వేళాకోళం ఇప్పుడు ఆమెకి ముసుగయింది. అది ఎంత బాగా అమిరిందంటే, పక్కనే కూర్చున్న మొగుడికి కూడా అనుమానం రాలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ రోజూ దెబ్బలాడుకునేవాళ్ళు. షట్టరు దిగే ఇనప కమ్మీ ఉంటుంది కదా, గుమ్మానికి ఒక పక్కన, అది మధ్యలో వంగిపోయిందని ఆమె గోల.

"ఏవండీ, ఆ కమ్మీ సూడండి ఎలగ వంగిపోయిందో. ఏదో రోజు షట్టరు నెత్తి మీద పడతాది. మిస్త్రీకి కబురెట్టండి."

"వంగిందేటే? సక్కగానే ఉంది."

"మీకు ఏ పని సెప్పినా సక్కగానే ఉంటాది."

అతనికి బద్ధకమని ఆమె నమ్మకం. ఆమెకి చాదస్తమని అతని నమ్మకం. ఇన్నేళ్ళు కాపురం చేసిన మొగుడూ పెళ్ళాలు ఒకరి మాట ఒకరు ఎంత శ్రద్ధగా వింటారో ఇదే సాక్ష్యం.

అలాంటి రోజుల్లో జెరూషా వచ్చింది. ఆమె ఎలీయాజరు మాస్టారి కూతురు. చిన్నప్పుడు బడి గౌను గుడ్డ కూడా ఈ కొట్లోనే కొనుక్కుంది. ఇప్పుడు రాయగడలో ఒక కళ్ళాసుపత్రిలో నర్సు. పెళ్ళి కుదిరింది. తెల్ల పట్టుచీర కాగితంలో చుట్టి తెచ్చి, బల్ల మీద భద్రంగా విప్పి, "ఆంటీ, జాకెట్టు నా చీరలో కలిసిపోవాలి. మీరే చూసి ఇవ్వాలి" అంది.

కోటేశ్వరమ్మ ప్రాణం లేచొచ్చింది. తెలుపు! నాలి లేదు, నీలి లేదు. ఎన్నాళ్ళయిందో ఆమె భయపడకుండా ఒక చీర అంచు ముట్టుకుని. వాకిట్లోకి పొమ్మనలేదు. పూర్వంలాగే వెనక్కి తిరిగి, అరలోంచి ఒకే ఒక్క తాను లాగింది. బిందుశ్రీ "అత్తయ్యా, ఒక్క నిమిషం" అంటూ చెయ్యి చాపింది. "నువ్వుండవే" అని కసిరి, కొలిచి, కత్తెర పెట్టి సర్రున కోసేసింది. కోసిన చప్పుడు ఆమె చెవులకి హాయిగా వినిపించింది.

జెరూషా ముక్క అందుకుని చూసింది. చీర మీద పెట్టి చూసింది. అది లేత నిమ్మపండు రంగు.

సూర్యారావు పకపకా నవ్వాడు. "నాలి-నీలీ అయిపోయింది, ఇహ తెలుపు కూడా మరిసిపోయేవేటే? సూడమ్మా జెరూషా, నీకు మా ఆవిడ సంగతి తెలిసిందే కదా—"

జెరూషా నవ్వలేదు. ఆమె బల్ల దాటి లోపలికి వచ్చి కోటేశ్వరమ్మ పక్కన నిలబడింది.

"ఆంటీ, ఇదేం రంగు?"

"తెలుపే కదమ్మా. పాల తెలుపు."

"ఒక కన్ను మూసుకోండి. ఇలా, అరచేత్తో. ఇప్పుడు ఆ గుమ్మం వైపు చూడండి. ఆ షట్టరు కమ్మీ ఎలా ఉంది?"

"అదే కదమ్మా నేను మొత్తుకుంటన్నాను. నడుమ వంగిపోయింది. ఈయన బాగు సేయించడు."

జెరూషా సూర్యారావు వైపు తిరిగింది. అతని నవ్వు సగంలో ఆగిపోయింది. లేచి వెళ్ళి కమ్మీని పై నుంచి కింద దాకా చేత్తో తడిమాడు. నిటారుగా ఉంది. ఎప్పుడూ నిటారుగానే ఉంది.

"మరి నిరుడు... ఆకుపచ్చకి నీలం ఇచ్చినవి..." అని ఏదో అడగబోయి, పాత అలవాటు కొద్దీ నవ్వు తెచ్చుకుని, "అంతేనమ్మా, మా ఆవిడకి మొదటి నించీ నాలి అంటే నీలే..." అన్నాడు.

"ఇంక ఊరుకోండి" అంది కోటేశ్వరమ్మ. "అప్పుడు నాకు మాట రాలేదండీ. ఇప్పుడు సూపు రావట్లేదు."

బిందుశ్రీ వచ్చి అత్తగారి చేతిలోంచి కత్తెర మెల్లగా తీసి బల్ల మీద పెట్టింది. ఆ పిల్లకి ముందే తెలుసు. వాపసు వచ్చిన ముక్కలన్నీ వెనక గుమ్మం దగ్గరే గుట్టుగా మార్చి పంపుతూ వచ్చింది, మామగారికి కూడా చెప్పకుండా. అత్తగారు సిగ్గుపడుతుందని. ఆ సంగతి తర్వాత తెలిసినప్పుడు కోటేశ్వరమ్మకి కోడలి మీద కోపం రాలేదు. తన మీద తనకే కోపం వచ్చింది.

రెండు రోజులు తిరక్కుండా బయల్దేరారు మొగుడూ పెళ్ళాలు. కోరాపుట్ దాకా బస్సు, అక్కడి నుంచి రాయగడకి రైలు. ఆ దారిలో సొరంగాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి. రైలు చీకట్లోకి దూరినప్పుడల్లా సూర్యారావు భార్య చెయ్యి పట్టుకున్నాడు. వెలుతురు రాగానే ఎవరైనా చూస్తారని వదిలేశాడు. లక్ష్మీపూర్ దాటాక వదలడం మానేశాడు.

ఆసుపత్రిలో జెరూషా ముందే చెప్పి ఉంచింది. చుక్కలు వేసి, లైటు పెట్టి, ఫొటోలు తీసి, డాక్టరు చాలాసేపు చూశాడు. కోటేశ్వరమ్మ ఉండబట్టలేక ఒడియాలో అడిగేసింది, పొర ముదిరిందా బాబూ, కోసేస్తారా అని. ఆయన కుర్చీ దగ్గరకి జరుపుకున్నాడు. పొర కొంచెం ఉంది గానీ అసలు దెబ్బ అది కాదన్నాడు. షుగరు వల్ల కంటి వెనక తెర మీద సన్నని రక్తనాళాలు కారుతున్నాయి, అక్కడ నీరు చేరి వాచింది, అందుకే గీతలు వంగి కనిపిస్తున్నాయి, రంగులు కలిసిపోతున్నాయి అన్నాడు. కంట్లో ఇంజెక్షన్లు చేయాలి, తర్వాత లేజరు. పోయింది మొత్తం తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలబెట్టుకోవచ్చు. షుగరూ బీపీ అదుపులో ఉంటేనే ఏ మందైనా పనిచేస్తుంది.

"మరి నేనెప్పుడు రావలసింది?"

"కళ్ళు బాగా కనిపిస్తున్నప్పుడే" అన్నాడాయన, "షుగరు ఉన్నవాళ్ళు ఏడాదికోసారి చూపించుకోవాలి."

ముదురుతుంది, ముదురుతుంది అని తను కాచుకుని కూర్చున్నది లోపల పాడైపోతోందన్నమాట. ఎవరూ తనని మోసం చేయలేదు. అమ్మకి జరిగినట్టే తనకీ జరుగుతుందనుకుంది, అంతే. అంత చిన్న నమ్మకానికి ఇంత పెద్ద శిక్షా అని ఆమెకి ఏడుపొచ్చింది. ఏడిస్తే చుక్కల మందు పోతుందేమోనని ఆపుకుంది.

కంట్లో సూది అంటే ఆమె అనుకున్నంత నొప్పి లేదు. మొద్దుబారేలా చుక్కలు వేశారు. జెరూషా తల దగ్గర నిలబడి, "ఆంటీ, నా పెళ్ళికి ఏ చీర కట్టుకొస్తారు?" అని అడిగింది. మెంతిరంగుది అని చెప్పేలోపు అయిపోయింది.

తిరుగు ప్రయాణంలో ఒక కంటికి కట్టుతో కూర్చుంది. సొరంగంలో రైలు చప్పుడు పెద్దదయింది. "నాకు సీకటంటే బయం లేదండీ" అంది భర్త చెవిలో. "రంగులన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోతంటేనే బయం. నేనూ అలగే ఎక్కడో కలిసిపోతానేమో అనిపిస్తాది."

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. అందరూ మంచివాళ్ళయిపోయారు! బిందుశ్రీ రాగి జావ చేతికిచ్చేది, మాత్రలు వేళకి గుర్తుచేసేది, పాదాలు తనే చూసేది. టీలో పంచదార సగం కాదు, మొత్తం మానిపించింది. అవన్నీ కోటేశ్వరమ్మ సణుగుతూనే ఒప్పుకుంది. ఆ నిమ్మపండు రంగు ముక్కని బిందుశ్రీ పారెయ్యలేదు. జెరూషాకి తర్వాత ఇచ్చిన అసలు తెల్లగుడ్డ తానులోంచి ఒక పీలిక చింపి, ఉదయం కొట్టు తెరవగానే రెండూ అత్తగారి ముందు పెట్టేది. ఏది ఏ పక్క పెట్టిందో చెప్పేది కాదు.

"ఈ రోజు పసుపు ఏ పక్కనుంది అత్తయ్యా?"

"రెండూ తెల్లగానే ఉన్నాయి కదే."

రెండో ఇంజెక్షను అయిన తర్వాత ఒక ఉదయం, కుడి కన్ను ఒక్కదానితో చాలాసేపు చూసి, "ఎడమ పక్కది కొంచెం ఎండ తగిలినట్టుంది" అంది. అదే పసుపు. మర్నాడు తప్పు చెప్పింది. ఆ పై రోజు ఒప్పు చెప్పింది. ఎడమ కంటి నడుమ మాత్రం ఒక మరక అలాగే ఉండిపోయింది, అది పోదని డాక్టరు ముందే చెప్పాడు.

వీటన్నిటికీ ఓర్చుకుంది గానీ, సూర్యారావు మౌనానికి ఓర్చుకోలేకపోయింది. రాయగడ నుంచి వచ్చాక అతను ఆ కథ ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎవరైనా ఎరుపు అడిగితే తలవంచుకుని తనే లేచి అరల దగ్గరికి వెళ్ళేవాడు. కొట్టుకి ఎప్పుడూ వచ్చే అంగన్‌వాడీ సస్మిత ఒకసారి అలవాటుగా "నాలి-నీలి" అనబోయి నాలిక కరుచుకుంది. ఊరందరికీ తెలిసిపోయిందన్నమాట. కళ్ళు పోయిన మనిషితో వేళాకోళం ఆడకూడదని అందరూ అనేసుకున్నట్టుంది. ఆమె చూపు సగమే పోయింది. వాళ్ళు మాత్రం ఆమెని మొత్తంగా తీసి పక్కన పెట్టేశారు. అంత జాలి చూపించే కన్నా నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

జెరూషా పెళ్ళికి మెంతిరంగు చీరే కట్టుకుని వెళ్ళింది. చర్చిలో ముందు వరసలో కూర్చోబెట్టారు. తెల్లచీరలో పెళ్ళికూతురు నడిచి వస్తుంటే ముఖం సరిగ్గా ఆనలేదు గానీ, జాకెట్టూ చీరా ఒకటిగా కలిసి కనిపించాయి. కలిసిపోవాలనే కదా ఆ పిల్ల అడిగింది. అప్పుడు కోటేశ్వరమ్మకి చాలా రోజుల తర్వాత మనసు నిండింది.

ఆ వారమే సంత రోజున, కుందుర వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. మనవరాలి పెళ్ళట. బల్ల మీద చెయ్యి ఆనించి "నాలి" అంది. "నాలి జాకెట్టు."

సూర్యారావు ఎప్పటిలాగే తలవంచుకుని లేవబోయాడు. బిందుశ్రీ అర వైపు తిరిగింది. కొట్లో అందరికీ ఒక్కసారిగా ఏదో పని గుర్తొచ్చినట్టయింది. కోటేశ్వరమ్మ పీట మీద కాస్త ముందుకి వంగి, ముఖంలో ఏ మార్పూ లేకుండా, చక్కటి దేశియాలో అడిగింది, నాలి అంటే నీలే కదమ్మా అని.

"కాదు కాదు!" అని ఆ పెద్దావిడ రెండు చేతులూ ఊపింది. "నాలి! నాలి!"

"అదే. నీలి. బిందూ, నీలం తాన్లన్నీ దించవే."

ముందు బిందుశ్రీ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత సూర్యారావు నవ్వాడు. అదే పాత నవ్వు, ఎదుటి కిరాణా కొట్టు దాకా వినిపించే నవ్వు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇన్నేళ్ళయ్యింది, ఇంకా ఒడియా రాలేదేటే నీకు?"

"మీరు సరిగ్గా నేర్పితే కదా" అంది కోటేశ్వరమ్మ.

పెద్దావిడకి ఏమీ అర్థం కాలేదు. వాళ్ళు నవ్వుతుంటే తనూ నవ్వింది. బిందుశ్రీ తాను దించి, బల్ల మీద పరిచి, కొలిచి, అత్తగారి ముందుకి జరిపింది. కోటేశ్వరమ్మ దాన్ని కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. ఎరుపే అనిపించింది. మెరూన్ కూడా కావచ్చు. ఇదివరకైతే ఏదో ఒకటి అనేసి కోసేసేది. ఇప్పుడు అందరి ఎదుటా, గొంతు తగ్గించకుండా అడిగింది.

"ఇదేం రంగే బిందూ?"

"ఎరుపే అత్తయ్యా. మిరపపండు ఎరుపు."

కోటేశ్వరమ్మ కత్తెర తీసి కోడలి చేతిలో పెట్టింది.

"అయితే కొయ్యి."